ఆత్మీయ ధనమా, ఆధ్యాత్మిక ధనమా?

సందేహం: మాస్టారూ, మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. మా చర్చి స్త్రీల సమాజం తరఫున, మత్తయి సువార్త 6వ అధ్యాయం ఆధారంగా ఒక కరపత్రం వేయిస్తున్నాం. ‘లోక ఆస్తుల కన్నా ఆత్మీయ ధనమే మిన్న’ అని పైన పెట్టాం. మా పక్కింటి ఒడియా టీచరమ్మకు చదివి వినిపిస్తే, ‘ఆత్మీయ అంటే చుట్టాలు కదా, చుట్టాల డబ్బు మీద కరపత్రమేమిటి?’ అని నవ్వింది. ‘ఆధ్యాత్మిక’ అని మార్చేద్దామంటే మా పెదనాన్నగారు అది మన చర్చి మాట కాదంటారు. ఇంకొకామె, అసలు ధనమంటే డబ్బే, దేవుడి సంగతి చెప్పేటప్పుడు ఆ మాటెందుకు, ‘నిధి’ అనో ‘సంపద’ అనో పెట్టమంటోంది. ప్రెస్సువాళ్లు తొందరపెడుతున్నారు, టెన్షన్‌గా ఉంది. ఏది రాస్తే తప్పు లేకుండా ఉంటుంది?

సమాధానం: అమ్మా, టీచరమ్మ నవ్వడంలో ఆశ్చర్యం లేదు. ఒడియాలో ‘ఆత్మీయ’ అంటే అయినవాళ్లు, బంధువులు. ‘ఆత్మీయ స్వజన’ అని జంటగా కూడా అంటారు. మీరు చెప్పదలచుకున్నదానికి వాళ్లు ‘ఆత్మిక’ అనో ‘ఆధ్యాత్మిక’ అనో అంటారు. సంస్కృతంలో ‘ఆత్మీయ’ అంటే తనది, తనకు చెందినది అని. అందులోంచే ఒడియావాళ్లకు ‘చుట్టం’ వచ్చింది, మనకు ‘దగ్గరివాడు, ఆప్తుడు’ వచ్చింది. ఆత్మీయ మిత్రుడు, ఆత్మీయ సమ్మేళనం, ఆత్మీయంగా పలకరించడం ఈ అర్థంలోవే.

తెలుగు క్రైస్తవులు ఆ మాటకు ఇంకో అర్థం ఇచ్చుకున్నారు. ‘ఆత్మీయంగా బలపడ్డాను’, ‘ఆత్మీయ జీవితం’, ‘ఆత్మీయ మేలులు’ అని చర్చిలో తమ అనుభవం చెప్పుకునే ఏ సాక్ష్యంలో విన్నా అక్కడ ఆప్యాయత ఊసు లేదు, ఆత్మకు సంబంధించిన సంగతే. చిత్రమేమిటంటే పాత తెలుగు బైబిల్ ఈ అర్థానికి నిదానంగా ‘ఆత్మసంబంధమైన’ అని రాసింది: ఆత్మసంబంధమైన వరములు, ఆత్మసంబంధమైన ఆహారము, ఆత్మసంబంధమైన పద్యములు. అంత పొడుగు మాట ప్రసంగంలో నాలుక తిరగక కాబోలు, నోటి వాడుకలో ‘ఆత్మీయ’ నిలబడింది. తరాల తరబడి ఇన్ని సంఘాలవాళ్లు ఒకే అర్థంలో వాడుతున్న మాటను తప్పు అనడానికి నేనెవరిని? పైగా వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తిగారు మాస్టారుగా పనిచేసిన ఊరు మీది. ఆ ఊరివాళ్లకు వ్యవహారాన్ని మించిన ప్రమాణం ఉందని నేను చెబితే బాగుండదు.

‘ఆధ్యాత్మిక’ కూడా తప్పు కాదు. పత్రికలవాళ్లు ఏ మతానికైనా అదే వాడతారు. పెదనాన్నగారికి అది గుడి ప్రవచనం మాటలా వినిపిస్తుందేమో. ఆ చెవిని గౌరవించండి, తప్పొప్పుల జాబితాలోకి మాత్రం తేవద్దు.

నన్నడిగితే మీ శీర్షికలో అసలు చిక్కు ‘ఆత్మీయ’ దగ్గర లేదు. ‘ఆస్తుల కన్నా ధనమే మిన్న’ అన్నారు చూడండి, అక్కడుంది. తెలుగువాడికి ఆస్తి అంటే ముందు గుర్తొచ్చేవి పొలం, ఇల్లు, స్థలం. ధనమంటే చేతిలో ఆడేది. చర్చి వాడుక తెలియనివాడు మీ కాగితం తీసుకుంటే, భూములు కొనే కన్నా నగదు ఉంచుకోవడం మేలని ఎవరో సలహా ఇస్తున్నారనుకుంటాడు. ‘ఆత్మీయ’ను అతను ‘మనవాళ్ల’ అని చదువుకున్నాడా, ఇక చెప్పక్కర్లేదు.

మీరు ఆధారం చేసుకున్న మత్తయి 6వ అధ్యాయంలో ఈ పోటీ రెండు నామవాచకాల మధ్య లేదు. ‘భూమిమీద మీకొరకు ధనమును కూర్చుకొనవద్దు’ అన్నాడు యేసు. వెంటనే ‘పరలోకమందు మీకొరకు ధనమును కూర్చుకొనుడి’ అన్నాడు. రెండు చోట్లా అదే ధనం, అదే కూర్చుకోవడం. మారింది చోటు ఒక్కటే. కూడబెట్టుకోవాలన్న మనిషి ఆశను ఆయన తిట్టలేదు, ఎక్కడ కూడబెట్టాలో చెప్పాడు. దేవుడి సంగతిలో ‘ధనం’ ఎందుకనే ఆమెకు ఇదే జవాబు. ఆ మాటను పైకీ కిందికీ ఒక్కలాగే వాడకపోతే ఆ వాక్యానికి పదునే లేదు. అయినా డబ్బు కానిదాన్ని ధనమనడం మన భాషకు కొత్తా? తపోధనులు, మానధనులు, విద్యాధనం ఎప్పటినుంచో ఉన్నవే.

గ్రీకు మూలంలో ఇక్కడున్న మాటనే తెలుగు అనువాదకులు సందర్భాన్ని బట్టి నాలుగు రకాలుగా రాశారు. జ్ఞానులు శిశువైన యేసు ముందు విప్పినప్పుడు అది ‘పెట్టెలు’ (మత్తయి 2:11). మనం పైన చూసిన కొండ మీది ప్రసంగంలో ‘ధనము’. కొత్తవీ పాతవీ బయటికి తెచ్చే ఇంటి యజమాని దగ్గర ‘ధననిధి’ (13:52). మంటి ఘటాల్లో ఉన్నప్పుడు ‘ఐశ్వర్యము’ (2 కొరింథీయులకు 4:7). ఒకే మాటను గుడ్డిగా పట్టుకు వేలాడకుండా ఎక్కడికక్కడ తెలుగు నుడిని వెతికారు. నాకు ఆ పని చాలా ఇష్టం.

ఇక ‘నిధి’. నిధి దొరుకుతుంది. ఎవరో ఎప్పుడో పాతిపెట్టింది మన పారకు తగలాలి. పొలంలో దాచిన ధనం కనబడి, ఉన్నదంతా అమ్మి ఆ పొలాన్ని కొన్నవాడి కథ ఉందే (మత్తయి 13:44), అక్కడ ‘నిధి’ అన్నా ‘లంకెబిందె’ అన్నా అతికినట్టుంటుంది. ధనం అలా కాదు, దాన్ని మనం రోజూ కొంచెం కొంచెంగా కూడబెడతాం. మీ కరపత్రం కూడబెట్టుకోమంటోంది కాబట్టి ధనమే సరైనది. మరో ఇబ్బందీ ఉంది. ఈ రోజుల్లో నిధి అంటే ఫండు. ‘ఆత్మీయ నిధి’ అని వేశారంటే, చర్చి కట్టడానికి చందాలు అడుగుతున్నారేమోనని జనం జేబులు తడుముకుంటారు. ‘సంపద’లో తప్పేమీ లేదు గాని, అది ఉన్న స్థితిని చెబుతుంది. చేర్చిపెట్టడం అందులో వినబడదు.

మత్తయి 6లోని ఆ వాక్యంలోనే మీరు అడగని సొగసు ఒకటుంది, చెప్పకుండా ఉండలేను. ‘దొంగలు కన్నమువేసి దొంగిలెదరు’ అని ఉంది. గ్రీకులో ఉన్నది కూడా గోడను తవ్వడమే. తవ్వి లోపలికి దూరే దొంగతనానికి మనకు సిద్ధంగా ‘కన్నం’ ఉంది, అనువాదకులు దాన్ని వదలలేదు. అక్కడే ధనాన్ని తినేస్తుందన్న ‘చిమ్మెట’ మాత్రం ఇప్పటి పిల్లలకు తెలియదు. బట్టలు కొట్టే పురుగు అది. పురుగుకు అంత భయమెందుకని అడిగితే, వాళ్లకు బట్ట అంటే ఆస్తి అని చెప్పండి. పాత నిబంధనలో ఆకాను అనేవాడు దొంగిలించి గుడారంలో పాతిపెట్టినవాటి లెక్క చెప్పేటప్పుడు, వెండి బంగారాల కన్నా ముందు చెప్పింది షీనారు పైవస్త్రం. ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ కావాలంటే మీ సమాజంలో పెద్దావిడ ఎవరింట్లోనైనా ట్రంకు పెట్టె తీయించండి. పెళ్లినాటి బరంపురం పట్టుచీర పాత పంచెలో చుట్టి ఉంటుంది. మడత దగ్గర జరీ విరగకుండా ఏటా మడత మార్చి పెడతారు, మూలల్లో కలరా ఉండలు వేస్తారు. ఇంత చేసినా, ఏదో పెళ్లికని విప్పితే కుచ్చిళ్ల దగ్గర ఆవగింజంత చిల్లులు. ఆ ముఖం చూసినవాళ్లకు ‘నీ ధనమెక్కడ నుండునో అక్కడనే నీ హృదయము ఉండును’ అన్నదానికి వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు. మన మాటల్లో అయితే ‘ప్రాణమంతా ఆ పెట్టె మీదే’ అంటాం.

మూడు వచనాల తరవాత ‘మీరు దేవునికిని సిరికిని దాసులుగా నుండనేరరు’ అని వస్తుంది. అక్కడ ధనం అనకుండా సిరి అన్నారు, గమనించారా? మూలంలో ‘మమ్మోను’ అనే అరమేయిక్ మాటను అలాగే ఉంచారు, అదొక యజమాని అన్నట్టు. ధనానికి దాసుడంటే తెలుగులో కొంచెం చప్పగా ఉంటుంది. సిరి అలా కాదు. శ్రీ నుంచి వచ్చిన మాట, లక్ష్మికి పేరు. సిరి నడిచొస్తుంది, అలిగి వెళ్లిపోతుంది, వస్తుంటే మోకాలొడ్డేవాళ్లూ ఉంటారు. మనిషిలా మెలిగే మాట కాబట్టి యజమాని పీట మీద కూర్చోబెట్టగలిగారు. కరపత్రం లోపల ఎక్కడైనా ఈ వచనం ఎత్తుకుంటే, సులువుగా ఉంటుందని ‘డబ్బుకు’ అని మార్చకండి.

మరి ఏం రాయాలి? కరపత్రం మీ సంఘం లోపలే పంచుతారా, ‘ఆత్మీయ’ను నిశ్చింతగా ఉంచుకోండి. బజారులోనూ, పక్కనే ఉన్న పాతపట్నంలోనూ పంచుతారా, విశేషణమే తీసేయండి. ‘భూమి మీద కాదు, పరలోకంలో కూడబెట్టుకోండి’ అంటే ఒడియా టీచరమ్మకూ అర్థమవుతుంది, పెదనాన్నగారూ కాదనరు. ఆ ధనం ఏమిటని ఎవరైనా అడిగితే చెప్పడానికి 1 తిమోతి 6:18-19లో ‘సత్‌క్రియలు అను ధనము’ అన్న మాట ఉంది, ‘తమ ధనములో ఇతరులకు పాలిచ్చువారు’ అని ఆ వెంటనే ఉంది. దాన్ని రెండో పంక్తిగా పెట్టండి. ‘లోక ఆస్తులు’ లోపల ఎక్కడైనా వస్తే ‘ఇహలోకపు ఆస్తులు’ అనండి, చదవడానికి తడబాటుండదు. ‘కన్నా’ అన్నా ‘కంటే’ అన్నా ఒకటే, దాని మీద ప్రెస్సులో వాదన పెట్టుకోవద్దు.

పాత శీర్షికే ఉంచాలని సమాజం పట్టుబడితే ప్రూఫులో ‘ధ’ ఒత్తు ఒక్కటి చూసుకోండి. ఒత్తు ఎగిరిపోయి, మధ్యలో ఖాళీ కూడా పోయిందంటే ‘ఆత్మీయదనం’ అవుతుంది. చల్లదనం, పచ్చదనం లాగా.