పండాక పంచుదాంలే అనుకుంటే ఆలస్యమైపోతుంది

ఇంట్లో ఉన్నది ముగ్గురం, తెలిసినవాళ్ళు రెండు పెట్టెల మామిడిపళ్ళు పంపారు, పాడవకుండా ఎలా తినాలి, ఎవరికి ఎప్పుడు ఇవ్వాలి అని అడిగారు. ఈ విషయంలో నేను ఒకసారి బాగా దెబ్బతిన్నాను కాబట్టి చెప్తున్నాను.

కొన్నేళ్ళ క్రితం మాకూ ఇలాగే ఒక పెద్ద పెట్టె వచ్చింది. కాయలు గట్టిగా ఉన్నాయి. కాయలు ఇస్తే ఏం బాగుంటుంది, పండాక పంచుదాంలే అని మంచం కిందకి తోసేశాను. నాలుగో రోజు పొద్దున తలుపు తీస్తే గదంతా వాసన. అన్నీ ఒక్కసారే పండిపోయాయి! ఆ రోజూ మర్నాడూ తినగలిగినన్ని తిన్నాం. ఆ తర్వాతి రోజు మిగిలినవి సంచుల్లో వేసి ఇరుగుపొరుగుకి పట్టుకెళ్ళాను. పక్కింటావిడ నవ్వుతూనే తీసుకున్నారు గానీ, సంచి అడుగున తడి ఆవిడ చేతికి తగలడం నాకు కనిపించింది. మేము తినలేక తెచ్చి ఇచ్చినట్టయింది. నిజానికి జరిగింది కూడా అదే.

అందుకని ఇప్పుడు పెట్టె వచ్చిన రోజే సగం పంచేస్తాను. మామిడికాయ ముదిరాక కోస్తే చెట్టు మీద లేకపోయినా పండుతుంది. లోపలి పిండి చక్కెరగా మారుతుంది. పండేటప్పుడు ఇథిలీన్ అనే వాయువు వదులుతుంది, అది పక్క కాయల్ని కూడా తొందరపెడుతుంది. మూసిన పెట్టెలో అన్నీ ఒకేసారి పండటానికి కారణం ఇదే. కాబట్టి ముందు అన్నిటినీ బయటికి తీసి, ఒకదాని మీద ఒకటి పడకుండా గాలి తగిలేలా పరచండి. తర్వాత ఇవాళ తినేవి, రెండు రోజులకి వచ్చేవి, ఇంకా గట్టిగా ఉన్నవి అని మూడు వరసలుగా వేరు చేయండి.

రంగు చూసి మాత్రం మోసపోకండి. తొక్క మీద ఎరుపు ఎండ తగిలిన వైపు వచ్చేది, దానికీ పండటానికీ పెద్ద సంబంధం లేదు. కొన్ని ఆకుపచ్చగానే పండుతాయి. ముచ్చిక దగ్గర వాసన చూడండి, అరచేతిలో పెట్టుకుని మెల్లగా నొక్కి చూడండి. బొటనవేలితో నొక్కితే మర్నాటికి అక్కడ నల్లగా కమిలిపోతుంది. నేను బజార్లో అలా నొక్కేవాళ్ళని చూస్తే ఊరుకోలేను.

ఎవరికైనా ఆరు ఇస్తే అందులో రెండు పండినవి, రెండు దోరవి, రెండు గట్టివి వేస్తాను. 'ఇవి ఇవాళే తినేయండి, ఇవి ఎల్లుండికి' అని చెప్పి మరీ ఇస్తాను. వాళ్ళకి నాలుగైదు రోజులు వస్తాయి, ఒక్క పూటలో తినేయాలన్న టెన్షన్ ఉండదు. నోట్లో పళ్ళు సరిగ్గా లేని పెద్దవాళ్ళకి రసాలు, చిన్నపిల్లలున్న ఇంటికి కోత పళ్ళు. రసం పండుకి కత్తి తగిలించడం నాకైతే అస్సలు నచ్చదు, అది చీకాల్సిందే. షుగర్ ఉన్నవాళ్ళకి ఆరు కాదు, రెండే ఇస్తాను. వంద గ్రాముల గుజ్జులో దాదాపు 14 గ్రాముల చక్కెర ఉంటుంది. 'ఒక్క పండుకి ఏమవుతుందిలే' అని బలవంతపెట్టడం మర్యాద కాదు.

గట్టి కాయల్ని ఫ్రిజ్‌లో పెట్టకండి. 13 డిగ్రీల కంటే చల్లగా ఉంటే అవి సరిగ్గా పండవు, తొక్క నల్లబడుతుంది, రుచీ రాదు. పండినవి పెట్టుకోవచ్చు, మూడు నాలుగు రోజులు ఆగుతాయి. తినే ముందు కాసేపు బయట ఉంచితే పోయిన వాసన మళ్ళీ వస్తుంది.

ఇంకొకటి, ముచ్చిక దగ్గర కారే సొన. మామిడిదీ జీడిమామిడిదీ ఒకే కుటుంబం, ఆ సొన కొందరికి పడదు. మా అక్క కూతురు తొక్కతో సహా చీకితే పెదవుల చుట్టూ దద్దుర్లు వచ్చాయి. అప్పటి నుంచి ఎవరి పళ్ళయినా అరగంట నీళ్ళలో వేసి, బాగా కడిగాకే తింటున్నాం. ఆ పిల్లకి తొక్క తీసి ముక్కలే ఇస్తున్నాం.

ఇంత చేసినా కొన్ని మెత్తబడిపోతాయి. వాటిని ఎవరికీ ఇవ్వకండి. గుజ్జు తీసి డబ్బాల్లో పెట్టి ఫ్రీజర్‌లో పడేయండి, సీజన్ అయిపోయాక పనికొస్తుంది. పులిసిన వాసన వస్తే మాత్రం పారేయడమే.

ఇక టెంక ఎవరికన్న గొడవ మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. కోసినవాళ్ళకే టెంక అని ఒప్పందం చేసుకున్నాం. అందుకే కోత పని నేను ఇంకెవరికీ ఇవ్వను.