బొమ్మను వాయించిన శాండిన్

ప్రశ్న: డాన్ శాండిన్ అనే ఆయన వీడియో సింథసైజర్ కట్టి, దాని సర్క్యూట్ నక్షాలు అడిగినవాళ్లకల్లా ఇచ్చేశాడని చదివాను. ఆ యంత్రం ఏం చేస్తుంది? ఇప్పుడు ఫోన్‌లో యాప్ చేసేదీ అదే కదా?
– ఒక ఇంజినీరింగ్ విద్యార్థిని

జవాబు: అదే కాదమ్మా. నేను ఏళ్లతరబడి టీవీ రిపేరు బల్ల ముందు కూర్చున్నవాణ్ణి. ఒకరోజు ఆడియో ఆసిలేటర్ (కోరిన వేగంతో ఎక్కీదిగే సిగ్నల్ పుట్టించే పరికరం) తీగను సెట్టు వీడియో ఇన్‌పుట్‌లో పెట్టాను. తెర మీద అడ్డపట్టెలు వచ్చాయి. డయల్ తిప్పేకొద్దీ సన్నబడి, దారాల్లా అయిపోయాయి. 15,625 హెర్ట్జ్, అంటే సెకనుకు అన్ని ఊపుల దగ్గరికొచ్చేసరికి పట్టెలు ఏటవాలుగా ఒరిగి, సరిగ్గా ఆ అంకె మీద నిలువుగా నిలబడ్డాయి. మన 625 గీతల టీవీ సెకనుకు గీసే గీతలు సరిగ్గా అన్నే. డయల్ వెంట్రుకవాసి కదిపితే మళ్లీ ఒరిగేవి. పని మానేసి మధ్యాహ్నమంతా దాంతోనే కూర్చున్నాను.

శాండిన్ ఆ ఆనందాన్ని వాద్యంగా మలిచాడు. ఆయన చదివింది ఫిజిక్స్. చికాగోలో, ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో కళావిద్య బోధిస్తూ 1971-73 మధ్య ‘ఇమేజ్ ప్రాసెసర్’ కట్టాడు. మూగ్ సింథసైజర్ అనే ఎలక్ట్రానిక్ వాద్యం ధ్వనితో చేసే పని బొమ్మతో చేస్తే ఏమవుతుందన్నదే ఆయన తపన. కెమెరా నుంచి వచ్చే బొమ్మ నిజానికి ఎక్కీదిగే వోల్టేజే. ఆ వోల్టేజిని ఒక పెట్టెలోంచి మరో పెట్టెలోకి తీగలతో పంపుతాడు. ఒక పెట్టె రెండు బొమ్మల్ని కలుపుతుంది, ఇంకొకటి హెచ్చిస్తుంది. నాకిష్టమైనది డిఫరెన్షియేటర్: వెలుగు చటుక్కున మారినచోటే సిగ్నల్ ఇస్తుంది. అందులోంచి వెళ్లిన ముఖంలో బుగ్గలు, నుదురు మాయమై ముక్కు అంచులాంటివి మాత్రం పెన్సిలు గీతల్లా మిగులుతాయి. చివరి పెట్టె రంగులద్దుతుంది.

యాప్ ఒక ఫ్రేమును, అంటే ఒక పూర్తి బొమ్మను పట్టుకుని, లెక్కగట్టి, తిరిగి చూపిస్తుంది. ఈ యంత్రంలో ఫ్రేమును దాచుకునే చోటే లేదు. గీత నడుస్తుండగానే మారాలి. నాబ్ తిప్పిన చేతికీ తెరకీ మధ్య ఆగడమన్నది లేదు. అందుకే దాన్ని వీణలాగా వాయించాలి, సాధన చేయాలి.

ఇక నక్షాల సంగతి. చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ స్కూల్లో వీడియో నేర్పే ఫిల్ మోర్టన్, తనకూ ఒకటి కట్టుకుంటానన్నాడు. ఇద్దరూ కలిసి నక్షాలు, కట్టే పద్ధతి కాగితం మీద పెట్టి పంచారు. దానికి ‘డిస్ట్రిబ్యూషన్ రిలీజియన్’ అని పేరు. కాపీరైట్ అన్న మాటను తిరగేసి ‘కాపీ ఇట్ రైట్’ అన్నారు, అంటే సరిగ్గా కాపీ చేసుకోమని. సర్క్యూట్ డయాగ్రం దొరక్క సెట్లు పక్కన పడేసిన రోజులు నాకింకా గుర్తే. అందుకే ఆ యంత్రంకన్నా ఆ కాగితాలకే నేను ఎక్కువ మొక్కుతాను.

ప్రశ్న: వీడియో సింథసైజర్‌ను మొదట కట్టింది వీడియో కళాకారుడు నామ్ జూన్ పైక్ అంటారు. నిజమేనా?

జవాబు: ఒక్కరి పేరు చెప్పడం న్యాయం కాదు. పైక్, ఇంజినీరు షుయా అబే కలిసి కట్టినది 1970లో బోస్టన్ డబ్ల్యూజీబీహెచ్ టీవీలో ప్రసారానికెక్కింది. దాదాపు అదే కాలంలో న్యూయార్క్‌లో ఎరిక్ సీగెల్, శాన్‌ఫ్రాన్సిస్కోలో స్టీఫెన్ బెక్ ఎవరి దారిన వాళ్లు కడుతున్నారు. బెక్ యంత్రానికి కెమెరా అక్కర్లేదు, ఆకారాలు సర్క్యూట్‌లోనే పుడతాయి.

ప్రశ్న: నేనూ చిన్నది కట్టాలనుకుంటున్నాను. పాత టీవీ ఒకటి ఉంది. ఎక్కడ మొదలుపెట్టను?

జవాబు: ముందు ఆ టీవీ మూత తెరవకండి. ప్లగ్ తీసేసినా పిక్చర్ ట్యూబులో వేల వోల్టుల చార్జి నిలిచి ఉంటుంది. వెనకున్న వీడియో ఇన్‌పుట్ చాలు. నలుపు-తెలుపుతో మొదలుపెట్టండి, రంగు సిగ్నల్ చాలా పేచీ పెడుతుంది. ధ్వనికి వాడే ఆప్-ఆంప్ (సిగ్నల్‌ను పెంచే చిప్పు) ఇక్కడ పనికిరాదు. చెవికి వినిపించే ధ్వని 20,000 హెర్ట్జ్‌తో ఆగుతుంది, బొమ్మ కొన్ని మిలియన్ల దాకా పోతుంది. వీడియోకు తగిన వేగమున్న చిప్పే కొనండి. మొదటి పెట్టెగా రెండు సిగ్నళ్లను కలిపేది కట్టండి. సింక్ భాగాన్ని (ప్రతి గీత, ప్రతి బొమ్మ ఎక్కడ మొదలవ్వాలో టీవీకి చెప్పే సిగ్నల్) మాత్రం కలపకుండా పక్కకు తీసి చివర్లో చేర్చండి, లేకపోతే బొమ్మ తెర మీద నిలవదు.