బర్గర్ షాపులో 'కల్చర్' ఎక్కడుంటుంది?

ప్రశ్న: మా అబ్బాయి ఒక విదేశీ బర్గర్ కంపెనీ షాపులో షిఫ్ట్ మేనేజర్‌గా చేరాడు. ట్రైనింగులో రోజూ 'మన కల్చర్' అంటున్నారట. వండి అమ్మే చోట కల్చర్ అంటే ఏమిటండీ? అది నిజంగా ఉందో, గోడమీది పోస్టరుకే పరిమితమో వాడికి తెలిసేదెలా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఈ రంగంలో చాలా అలవాట్లు మెక్‌డొనాల్డ్స్ నుంచి వచ్చినవే. ఆ కంపెనీని పెంచి పెద్దచేసిన రే క్రాక్ 1955లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో తన మొదటి షాపు తెరిచి నాణ్యత, సర్వీసు, శుభ్రత అన్న మూడు మాటలు పట్టుకున్నాడు. ఆనుకుని నిలబడే తీరిక ఉంటే తుడిచే తీరికా ఉన్నట్టే అనేవాడు. 1961లో మేనేజర్ల శిక్షణకు హాంబర్గర్ యూనివర్సిటీ మొదలైంది. 1996లో ఢిల్లీలో అడుగుపెట్టినప్పుడు గొడ్డుమాంసం, పందిమాంసం వదిలేసి, శాకాహారానికి వేరే వంట ఏర్పాట్లు పెట్టారు. ఆ వైపు పనిచేసేవాళ్ల ఏప్రాను ఆకుపచ్చ. శాకాహారుల నమ్మకాన్ని మాటలతో కాక సామాన్లతో నిలబెట్టారు, అదే అసలు కల్చర్.

ఇక మీవాడు చూడాల్సింది రాత్రి ఎనిమిది గంటల రద్దీలో. ఫ్రైస్ వేయించాక 7 నిమిషాలు దాటితే పారేయాలన్నది మెక్‌డొనాల్డ్స్ పద్ధతి. మీవాడి షాపులో గడువెంతో వాళ్ల మాన్యువల్లో ఉంటుంది. టైమర్ మోగింది, ఇంకా రెండు ప్యాకెట్లు మిగిలాయి. కుర్రాడు వాటిని పారేసి వేస్ట్ షీట్‌లో (పారేసిన వాటి లెక్క రాసే కాగితం) రాస్తాడా, టైమర్ మళ్లీ నొక్కేస్తాడా? మళ్లీ నొక్కితే తప్పు వాడొక్కడిది కాదు. వేస్టు ఎందుకు పెరిగిందని పైవాళ్లు రోజూ నిలదీసి, చల్లారిన ఫ్రైస్ గురించి ఒక్కసారీ అడగకపోతే ఎవరైనా అదే నేర్చుకుంటారు. దీనికి మందు తిట్టు కాదు. రద్దీ తగ్గుముఖం పట్టగానే నిండు బాస్కెట్ మాని సగం బాస్కెట్ వేయించాలి. వేస్ట్ షీటునూ కస్టమర్ల ఫిర్యాదులనూ పక్కపక్కన పెట్టి చదవాలి. వేస్టు దాదాపు సున్నా, ఫిర్యాదులు మాత్రం ఎక్కువ అంటే లెక్క తారుమారు చేస్తున్నట్టే.

సర్వీసు టైములోనూ ఇదే జరుగుతుంది. ట్రే ఇవ్వకముందే ఆర్డరును స్క్రీన్ మీంచి తీసేస్తే సెకన్లు తక్కువ కనిపిస్తాయి. కౌంటరు దగ్గర పది నిమిషాలు నిలబడి, ఎదురుచూస్తున్న టోకెన్లనూ స్క్రీన్‌నూ పోల్చుకుంటే బయటపడుతుంది.

చేతులు కనీసం గంటకోసారి, 20 సెకన్ల పాటు కడగాలి. గ్రిల్ దగ్గరున్నవాడు కదలాలంటే ఆ కాసేపు ఎవరో ఒకరు అక్కడ నిలబడాలి. ఆ మనిషిని పంపడం మీవాడి పని.

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది షాపు మూసే వేళ. పంచ్ అవుట్ (డ్యూటీ ముగిసినట్టు నమోదు) చేయించాక ఫ్రయరు (ఫ్రైస్ వేయించే యంత్రం) కడిగిస్తున్నారా? జీతాల ఖర్చు తక్కువ చూపించడానికి కొన్నిచోట్ల ఇలా చేస్తారు. అది కుర్రాళ్ల కూలి తినేయడమే. మన దుకాణాల చట్టం ప్రకారం అదనపు గంటలకు రెట్టింపు వేతనం ఇవ్వాలి. తన షిఫ్టులో ఫ్రయరు, గ్రిల్, నేల పూర్తయ్యాకే పంచ్ చేయించమనండి. ఆ సమయం సరిపోకపోతే మూసే పనికి ఇంకో మనిషి కావాలని స్టోర్ మేనేజరుకు రాతపూర్వకంగా అడగమనండి.