‘అంతర్జాతీయ’మా, ‘అంతర్దేశీయ’మా?

సందేహం: 1872లో ఇంగ్లండ్, స్కాట్లండ్ జట్ల మధ్య జరిగినదే తొలి అంతర్జాతీయ ఫుట్‌బాల్ మ్యాచ్ అంటారు. ఆ రెండూ ఒకే రాజ్యంలోనివి కదా? అసలు దేశాల మధ్య పోటీని ‘అంతర్దేశీయ’ అనడమే సరి కాదా? 1916 నాటి దక్షిణ అమెరికా ఛాంపియన్‌షిప్‌ను ‘ఖండాంతర’ పోటీ అనవచ్చునా?

సమాధానం: ‘అంతర్’ అనే అవ్యయానికి సంస్కృతంలోనే ‘లోపల’ అనీ ‘నడుమ’ అనీ రెండర్థాలున్నాయి. అంతర్వాహినిలో ఉన్నది మొదటిది, అంతర్జాతీయంలో ఉన్నది రెండవది. మీ చిక్కంతా ఇక్కడే పుట్టింది. మన ఇళ్లకు వచ్చే నీలిరంగు ఇన్‌లాండ్ కవరు మీద హిందీలో ‘అంతర్దేశీయ పత్ర’ అని అచ్చయి ఉండేది. దేశం లోపల తిరిగే ఉత్తరమని దాని అర్థం. ఆ అర్థం అంతగా స్థిరపడిన మాటను దేశాల నడుమ పోటీకి వాడితే, చదివేవారు దానిని దేశవాళీ పోటీగా పొరబడతారు. కనుక వ్యాకరణం అడ్డు చెప్పకపోయినా నేను ఆ ప్రయోగాన్ని సమర్థించను.

ఇక ఒకే రాజ్యమన్న అభ్యంతరం. ‘జాతి’ పుట్టుకను తెలిపే ‘జన్’ ధాతువు నుంచి వచ్చిన మాట. ఇంగ్లీషు ‘నేషన్’కు మూలమైన లాటిన్ పదానికీ పుట్టుకే ఆధారం. ఈ రెండింటిలోనూ రాజ్యం ప్రసక్తి మొదట లేదు. 1872 నవంబరు 30న గ్లాస్గో దగ్గరి పార్టిక్‌లో, ఒక క్రికెట్ మైదానంలో, ఒక్క గోలూ పడకుండా ముగిసిన ఆ ఆటలో తలపడినవి ఒకే రాణి ఏలుబడిలోని రెండు జాతులు. కాబట్టి అంతర్జాతీయమన్న మాట అక్కడ అక్షరాలా సరిపోతుంది. ఆ రెండు జట్లతో వేల్స్, ఐర్లండ్ కూడా కలిసి 1883–84లో ఆడిన ఛాంపియన్‌షిప్ జాతీయ జట్ల మధ్య జరిగిన తొలి ఛాంపియన్‌షిప్. అందులో విజేత స్కాట్లండ్. ఇంగ్లీషులో దానికి ‘హోమ్ ఇంటర్నేషనల్’ అన్న పేరు కూడా వాడుకలో ఉండడం గమనించదగ్గది. స్వదేశమూ జాతుల నడుమ పోటీ అన్న భావమూ ఆ ఒక్క పేరులోనే ఇమిడిపోయాయి. దానిని అంతర్దేశీయమంటే ‘లోపల’, ‘నడుమ’ అనే రెండర్థాలూ ఒకేసారి వర్తించి, అయోమయం మరింత పెరుగుతుంది.

‘ఖండాంతర’ మాత్రం ఇక్కడ తప్పు. సమాసం చివర వచ్చే ‘అంతర’ శబ్దానికి ‘మరొక’ అని అర్థం: జన్మాంతరం మరో జన్మ, దేశాంతరం మరో దేశం. 1916లో బ్యూనస్ ఎయిర్స్‌లో ఆడిన అర్జెంటీనా, బ్రెజిల్, చిలీ, ఉరుగ్వే నాలుగూ ఒకే ఖండానివి. ఉరుగ్వే గెలిచిన ఆ పోటీని ‘ఖండస్థాయి’ పోటీ అనండి. ‘ఖండాంతర’ విశేషణం 1930లో ఉరుగ్వేలోనే జరిగిన తొలి ప్రపంచ కప్పుకు తగును. అందులో ఆడిన 13 జట్లలో ఫ్రాన్స్, బెల్జియం, రుమేనియా, యుగోస్లావియా ఓడలెక్కి అట్లాంటిక్ దాటి వచ్చినవి.