రాజీ అయిన కేసును ఫారంలో రాయాలా?

ప్రశ్న: మా అబ్బాయి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగానికి ఎంపికయ్యాడు. డిగ్రీలో ఉండగా బ్రాడీపేటలో జరిగిన కొట్లాటలో అతనిపై కేసు నమోదైంది. తర్వాత లోక్ అదాలత్‌లో రాజీ కుదిరింది. అటెస్టేషన్ ఫారంలో (నియామకానికి ముందు గత వివరాలు నింపే పత్రంలో) ‘కేసులు లేవు’ అని రాసేయమని బంధువులు అంటున్నారు. ఏం చేయాలి? – ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, ‘లేవు’ అని మాత్రం రాయనివ్వకండి. మీ వాళ్లు మేలు కోరే చెప్పి ఉంటారు. కానీ ఆ ఒక్క మాటతో, చేరిన కొన్నేళ్లకైనా ఉద్యోగం పోవచ్చు.

ఫారంలో ఆ ప్రశ్నను మళ్లీ చదవండి. శిక్ష పడిందా అన్నది ఒక్కటే కాదు, ఎప్పుడైనా అరెస్టయ్యారా, కేసు నడిచిందా, బైండోవర్ చేశారా (సత్ప్రవర్తనకు పూచీకత్తు రాయించుకున్నారా), జరిమానా పడిందా అని విడివిడిగా అడుగుతారు. రాజీతో కేసు ముగిసింది, నిజమే. నడిచిందన్న సంగతి మాత్రం స్టేషన్ రికార్డులో ఉంటుంది. వెరిఫికేషన్‌లో పోలీసులు చూసేది దాన్నే.

రక్షణ పరిశోధన, అణుశక్తి, నిఘా వంటి శాఖల్లో ఇది ఇంకా ముఖ్యం. రహస్య పత్రాలు చూసే మనిషికి దాచుకున్న గతం ఉంటే, అది తెలిసినవాడు బెదిరించి పని చేయించుకోగలడు. అందుకే వాళ్లు కొట్లాట కన్నా దాపరికానికే ఎక్కువ భయపడతారు. మీ అబ్బాయికి ఇది అర్థమయ్యేలా చెప్పండి.

నిజం రాస్తే ఉద్యోగం ఖాయమని నేను మాట ఇవ్వలేను. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, నిజం చెప్పినా పూర్వాపరాలు పరిశీలించే అధికారం నియామకాధికారికి ఉంటుందని చెప్పింది. అయితే చిన్న వయసులో చేసిన స్వల్ప తప్పులను మన్నించే వీలు ఉందని కూడా ఆ తీర్పులోనే ఉంది. (కొట్లాట నాటికి మీ అబ్బాయికి 18 ఏళ్లు నిండకపోతే సంగతి వేరు. 2015 నాటి బాలల న్యాయ చట్టం రక్షణ ఇస్తుంది, ముందు న్యాయవాదిని కలవండి.)

ఎఫ్‌ఐఆర్ నకలు, లోక్ అదాలత్ అవార్డు (రాజీని నమోదు చేసిన ఉత్తర్వు) ధ్రువీకృత ప్రతి తెచ్చుకోండి. కేసు నంబరు, సెక్షన్లు, తేదీలు వాటిలో ఉన్నట్టే ఫారంలో నింపాలి. జరిగింది నాలుగు వాక్యాల్లో రాసి జత చేయాలి, తప్పంతా అవతలివాళ్లదేనని వాదించకూడదు. ఆ నాలుగు వాక్యాలు మీరు రాసివ్వకండి, అతన్నే రాయనివ్వండి. ఫారం ఇచ్చాక కొత్తగా కేసేదైనా వస్తే, దాన్నీ వెంటనే తెలియజేయాలి.