పాట పాడుకున్నా చీటీ డబ్బు చేతికి రాకపోతే తిరుపతిలో ఏం చేయాలి?

మీరు అడిగింది ఇది: తిరుపతిలో 5 లక్షల చీటీ, 50 మంది సభ్యులు, నెలకు 10,000. 14వ నెలలో 1,20,000 తగ్గించి పాట పాడుకున్నారు. రెండు నెలలైనా డబ్బు ఇవ్వలేదు. షూరిటీలు చాలవని ఒకసారి, "డబ్బు మా దగ్గరే ఉంచండి, నూటికి రూపాయిన్నర వడ్డీ ఇస్తాం" అని ఇంకోసారి అంటున్నారు. పోలీసు స్టేషన్‌కు వెళితే ఇది సివిల్ విషయం అన్నారు.

ముందు ఆ వడ్డీ మాట తేల్చుకోండి. దానికి ఒప్పుకోకండి, ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. పాట డబ్బు మీకు రావాల్సి ఉన్నంతవరకు మీరు చీటీ సభ్యులు, 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం మీ వెనక ఉంటుంది. అదే డబ్బు వడ్డీకి వాళ్ల దగ్గర వదిలేశారంటే అది డిపాజిట్ అయిపోతుంది. చీటీ మొదలుపెట్టే ముందు నిర్వాహకుడు రిజిస్ట్రార్ పేర పెట్టిన సెక్యూరిటీ ఆ చీటీకే, మీ డిపాజిట్‌కు కాదు. చీటీ కంపెనీలు జనం దగ్గర డిపాజిట్లు తీసుకోకూడదు. అనుమతి లేని డిపాజిట్లను 2019 చట్టం పూర్తిగా నిషేధించింది. తీసుకున్నవాళ్లకు 2 నుంచి 7 ఏళ్ల జైలు, 3 నుంచి 10 లక్షల జరిమానా ఉన్నాయి. కానీ కంపెనీ మూతపడిన రోజు ఆ శిక్ష మీ డబ్బు తెచ్చి ఇవ్వదు. ఎత్తిన చీటీని ఇలా వడ్డీకి వదిలేసి పెద్ద మొత్తాలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. "పాట డబ్బు నాకు వెంటనే కావాలి, మీ దగ్గర ఉంచడానికి నాకు సమ్మతం లేదు" అని రెండు వాక్యాలు రాసి ఈరోజే స్పీడ్ పోస్టులో పంపండి. రసీదు దాచుకోండి.

ఇక మీ చీటీ ఏ రకమో చూడాలి. దారంతా దాన్ని బట్టే. ఆఫీసు గోడకు కంపెనీ ఇన్‌కార్పొరేషన్ సర్టిఫికెట్, జీఎస్టీ నంబరు, నగరపాలక సంస్థ ట్రేడ్ లైసెన్సు ఫ్రేములు కట్టి తగిలించి ఉంటాయి. అవేవీ చీటీకి అనుమతి కావు. ట్రేడ్ లైసెన్సు ఆ గదిలో వ్యాపారం పెట్టుకోవడానికి కార్పొరేషన్ ఇచ్చేది, అంతే. "మాకు రిజర్వ్ బ్యాంకు గుర్తింపు ఉంది" అన్నా నమ్మకండి, చీటీలను రిజిస్టరు చేసి చూసుకునేది రాష్ట్ర ప్రభుత్వం. అన్నిటికంటే ముఖ్యంగా, రిజిస్ట్రేషన్ కంపెనీకి ఒకసారి అయిపోయేది కాదు. ప్రతి గ్రూపుకూ విడిగా ముందస్తు అనుమతి కావాలి, చీటీ ఒప్పందం రిజిస్టరు కావాలి, టికెట్లన్నీ నిండాక ప్రారంభ ధ్రువపత్రం రావాలి. ఆ పత్రం రాకముందు మొదటి పాటే జరగకూడదు. పది గ్రూపులు రిజిస్టరు చేసి పదకొండోది చేతిపుస్తకం మీద నడిపేవాళ్లూ ఉంటారు. మీ పాస్‌బుక్ మీద గ్రూపు నంబరు, టికెట్ నంబరు, ఒప్పందం రిజిస్టరైన నంబరు ఉన్నాయేమో చూడండి. ఒప్పందం నకలు మొదటి పాటకల్లా ప్రతి సభ్యుడికీ ఇవ్వాలి. ఇవ్వలేదంటే అనుమానించాల్సిందే.

నిర్ధారణ కోసం ఆఫీసులో అడగకండి. స్టాంపులు, రిజిస్ట్రేషన్ల శాఖలో చీటీల రిజిస్ట్రార్ విభాగం ఉంటుంది. తిరుపతి జిల్లా రిజిస్ట్రార్ కార్యాలయంలో అడిగితే మీ గ్రూపు ఎవరి పరిధిలో ఉందో చెబుతారు. సభ్యులుగా రుసుము కట్టి మీ గ్రూపు పత్రాలు చూడవచ్చు, సర్టిఫైడ్ నకళ్లు తీసుకోవచ్చు. కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసు వేరే జిల్లాలో ఉన్నా కంగారు పడకండి, గ్రూపు ఎక్కడ రిజిస్టరైందో అక్కడి ఫైలే మీకు కావాలి.

ఆ ఫైలులో మొదట 14వ నెల మినిట్స్ తీయండి. ప్రతి పాటా కనీసం ఇద్దరు సభ్యుల సమక్షంలో జరగాలి. మినిట్స్ పుస్తకంలో తేదీ, వేళ, హాజరైనవాళ్లు, ఎవరు ఎంతకు పాడారు అన్నవి రాసి, నిర్వాహకుడు, పాడుకున్నవాళ్లు, ఇంకో ఇద్దరు సభ్యులు సంతకాలు పెట్టాలి. నకలు 21 రోజుల్లో రిజిస్ట్రార్‌కు చేరాలి. అందులో మీ పేరు, మీ సంతకం, 1,20,000 అంకె ఉంటే సగం కేసు గెలిచినట్టే. మీ పేరు బదులు వేరే పేరు ఉంటే, లేదా ఆ నెల మినిట్సే దాఖలు కాకపోతే, అది మామూలు ఆలస్యం కాదు, మోసం కావచ్చు. అప్పుడు స్టేషన్‌లో మాట్లాడాల్సిన తీరే మారిపోతుంది.

లెక్క కూడా రాసుకోండి. 5 లక్షల్లో 1,20,000 పోతే మీకు రావాల్సింది 3,80,000. నిర్వాహకుడి కమీషన్ చిట్ ఫండ్స్ చట్టానికి 2019లో వచ్చిన సవరణ తర్వాత గరిష్ఠంగా 7 శాతం. మీ ఒప్పందంలో 5 శాతమే ఉందనుకుంటే 25,000. తగ్గించిన మొత్తంలోంచి అది తీసేస్తే 95,000 మిగులుతుంది, 50 మందికి తలా 1,900 డివిడెండ్. కమీషన్ మీద 18 శాతం జీఎస్టీ 4,500. అది పాడుకున్నవాళ్లే భరించాలని ఒప్పందంలో ఉంటే మీ చేతికి 3,75,500 రావాలి. అంతకు మించి "ఫైలు ఖర్చులు", "వెరిఫికేషన్" అని కోస్తే ఒప్పందంలో ఏ పేరా కింద కోస్తున్నారో రాతలో అడగండి.

షూరిటీ సంగతి. జామీను అడిగే హక్కు నిర్వాహకుడికి ఉంది, కానీ అది మీరు ఇకముందు కట్టాల్సిన కంతులకే. పాట నాటికి 36 నెలలు మిగిలాయి, అంటే 3,60,000. 5 లక్షలకూ, అంతకు మించీ ఆస్తి కాగితాలు పెట్టమంటే ఒప్పుకోనక్కర్లేదు. ఇచ్చిన షూరిటీ ఎందుకు చాలదో రాతపూర్వకంగా చెప్పమనండి. అసలు షూరిటీయే లేకుండా తీసుకునే దారి కూడా చట్టంలో ఉంది: మిగిలిన కంతులన్నీ పాట డబ్బులోంచి మినహాయించుకోమని మీరు ఒప్పుకుంటే, 7 రోజుల్లోగా లేదా తర్వాతి కంతు తేదీలోగా, ఏది ముందైతే అప్పటికి, మిగతాది ఇచ్చేయాలి. 14వ నెలలో దీనివల్ల మీకు లాభం లేదు, చేతికి 20,000 కూడా మిగలదు. 40వ నెలలో పాడుకున్నవాళ్లకు మాత్రం ఇది మంచి ఆయుధం. ఖాళీ ప్రామిసరీ నోట్లు, ఖాళీ చెక్కులు మాత్రం ఎవరు అడిగినా ఇవ్వొద్దు. అంకె, తేదీ, గ్రూపు నంబరు రాసి ఇవ్వండి, ఫొటో తీసుకోండి.

కోపంతో కంతులు ఆపేయకండి. చాలామంది చేసే తప్పు అదే. ఆపితే నిర్వాహకుడు మిమ్మల్నే బకాయిదారు అని చూపించి ఎదురు తిరుగుతాడు. బ్యాంకు ద్వారానే కట్టండి. పాట డబ్బు ఇంకా అందలేదని ప్రతిసారీ ఒక ఉత్తరం పంపుతూ ఉండండి.

గ్రూపు రిజిస్టరైనదే అయితే చిట్ ఫండ్స్ చట్టం 64వ సెక్షన్ కింద రిజిస్ట్రార్ దగ్గర వివాదం వేయండి. ఈ వివాదాలను సివిల్ కోర్టు విచారించకూడదని అదే సెక్షన్ చెబుతోంది, కాబట్టి నేరుగా దావా వేస్తే నెలలు వృథా అవుతాయి. పిటిషన్‌తో ఒప్పందం నకలు, పాస్‌బుక్, మినిట్స్ నకలు, బ్యాంకు స్టేట్‌మెంటు, మీరు పంపిన ఉత్తరాల రసీదులు జతచేయండి. నిర్వాహకుడు ఆస్తులు అమ్ముకుంటున్నాడని తెలిస్తే తీర్పుకు ముందే జప్తు కోరుతూ విడిగా దరఖాస్తు వేయండి, సర్వే నంబర్లు, ఈసీలు (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రాలు) లేకుండా అది నిలబడదు. తీర్పు వచ్చాక భూమి శిస్తు బకాయిలా కూడా వసూలు చేయించవచ్చు. వివాదం వేయడానికి ఉన్న మూడేళ్ల గడువు మనసులో ఉంచుకోండి, పెద్దమనుషుల పంచాయితీల్లో దాన్ని కరగనివ్వొద్దు.

రిజిస్టరు కాని చీటీ అని తేలితే రిజిస్ట్రార్ దగ్గర మీ డబ్బుకు తీర్పు దొరకడం కష్టం. అనుమతి లేకుండా చీటీ నడిపినందుకు మాత్రం రెండేళ్ల వరకు జైలు ఉంది, ఆ ఫిర్యాదు రిజిస్ట్రార్‌కే ఇవ్వండి. డబ్బు కోసం సివిల్ దావా, మోసం మీద పోలీసు కేసు రెండూ నడపాలి. ఫోన్‌పే చెల్లింపులు, వాట్సాప్ గ్రూపు మెసేజీలు సాక్ష్యమే. స్క్రీన్‌షాట్లతో సరిపెట్టుకోకుండా ఆ ఫోను అలాగే ఉంచండి, భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ధ్రువపత్రానికి అది కావాలి.

మధ్యలో చెక్కు ఇస్తే తీసుకోండి, మూడు నెలల్లోపు బ్యాంకులో వేయండి. బౌన్స్ అయితే బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో నోటీసు పంపాలి. నోటీసు అందాక 15 రోజులు ఆగాలి, తర్వాత నెలలోపు కోర్టులో ఫిర్యాదు వేయాలి. ఇందులో ఒక్క తేదీ తప్పినా కేసు బలం పోతుంది.

స్టేషన్‌లో మళ్లీ "సివిల్" అంటే వాదించకండి. మినిట్స్‌లో తేడా, రిజిస్ట్రేషన్ లేకపోవడం, డిపాజిట్ కోసం ఒత్తిడి, ఈ మూడింటిలో మీకు వర్తించేవి తేదీలతో ఒక పేజీలో రాసి ఇచ్చి రసీదు అడగండి. తీసుకోకపోతే అదే కాగితం ఎస్పీకి పోస్టులో పంపండి, సోమవారం ఎస్పీ కార్యాలయంలో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కూడా ఇవ్వండి. అక్కడ ఇచ్చే అర్జీ నంబరు రాసిపెట్టుకోండి. అప్పటికీ కదలకపోతే బీఎన్ఎస్ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 173(4) కింద మేజిస్ట్రేట్ దగ్గరకు వెళ్లేటప్పుడు ఎస్పీకి పంపిన పోస్టల్ రసీదు, ఆ నంబరు రెండూ వెంట తీసుకెళ్లండి.