అంతా సవ్యంగానే ఉన్నదని రాసిన కాపరికి

ప్రభువునందు ప్రియమైన తమ్మునికి వందనాలు.

నీ ఉత్తరం అందింది. ఆదివారం మందిరం నిండుతున్నదని, కానుకలు తగ్గలేదని, సంఘంలో తగాదాలు లేవని, కాబట్టి ఇక కొత్తగా చేయవలసినదేమీ కనిపించడం లేదని రాశావు. మొదటి మూడింటికీ దేవునికి స్తోత్రం చెప్పాను గానీ నాలుగవ మాట దగ్గర ఆగిపోయాను. ప్రకటన గ్రంథంలోని లవొదికయ సంఘం చెప్పుకొన్నదీ అదే: "నాకేమియు కొదువలేదు." ఆ పట్టణం ఎంత కలిగినదంటే, క్రీ.శ. 60లో భూకంపానికి దెబ్బతిన్నప్పుడు రోమా ప్రభుత్వ సహాయం లేకుండానే తిరిగి నిలబడింది. ఊరి ధీమా సంఘానికీ అంటుకున్నదేమోనని నాకనిపిస్తుంది. ఆ సంఘానికి రాయించిన లేఖలో దుర్బోధ ఊసే లేదు, ప్రభువు తప్పుపట్టినది వారి నులివెచ్చదనాన్ని.

తృప్తి మంచిదే కదా అని నీవు అడగవచ్చు. పౌలు చెరలో ఉండి ఫిలిప్పీయులకు రాసిన ఒకే పత్రికలో, ఏ స్థితిలోనైనా సంతృప్తిగా ఉండ నేర్చుకొన్నానన్న మాటా ఉన్నది, "నేనిదివరకే పట్టుకొనియున్నానని తలంచుకొనను" అన్న మాటా ఉన్నది. తిండి, బట్ట విషయంలో తృప్తిపడినవాడు తన పరుగు విషయంలో తృప్తిపడలేదు. మనలో చాలామందికి ఇది తిరగబడింది. జీతం చాలదన్న సంగతి నెలనెలా గుర్తుకు వస్తుంది, ప్రసంగం చాలదన్న సంగతి ఏళ్లు గడిచినా గుర్తుకు రాదు. ఇక కృపచేతనే రక్షణ గనుక ప్రయాసమెందుకు అనేవారికి, అందరికంటె ఎక్కువగా ప్రయాసపడ్డానని చెప్పి, ఆ ప్రయాసను కూడా కృప ఖాతాలోనే వేసిన ఆ పౌలే జవాబు.

అందుకే పరిచర్యలో ఇంకా శ్రేష్ఠతకోసం ప్రయాసపడమంటున్నాను; అయితే శ్రేష్ఠత అంటే పెద్ద స్పీకర్లు, రంగుల ఫ్లెక్సీలు అనుకోకు. ఒంగోలులో సేవచేసిన అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారి సంగతి నీవు వినే ఉంటావు. 1876–78 కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకొని ఆకలితో ఉన్నవారికి పని కల్పించారు; అయితే కూటికోసం మతంలో చేరారన్న మాట రాకూడదని, ఆ కాలంలో బాప్తిస్మం అడిగినవారిని ఆగమన్నారు. కరువు పనులు ముగిసిన తరువాత, 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ అంకెను మన సభల్లో గొప్పగా చెప్పుకుంటాం గానీ, లెక్క పెరిగే అవకాశం గుమ్మంలో నిలిచి ఉండగా ఆగమనగలిగిన ఆ నిదానమే నాకు మరింత శ్రేష్ఠంగా కనిపిస్తుంది.

నీవు చేయవలసినవి చిన్నవే. శనివారం రాత్రి పది గంటలకు ఫోనులో ఎవరి ప్రసంగమో విని, ఉదయానికి దానినే నీ గొంతుతో చెప్పే అలవాటు ఉంటే మానుకో. సోమవారమే వాక్యభాగం తీసి, వారమంతా దానితో గడుపు. పీఠం మీద చదివే ముందు ఇంట్లో రెండు మూడుసార్లు పైకి చదువు. మన బైబిలు వాక్యాలు పొడవైనవి, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో ముందే తెలియకపోతే చదివేవాడూ తడబడతాడు, వినేవాడికీ అర్థం చెదురుతుంది. సండే స్కూలును ఆ ఉదయం ఎవరు కనిపిస్తే వారికి అప్పగించవద్దు. టీచర్లను శుక్రవారం సాయంత్రం కూర్చోబెట్టి పాఠం నీవే ఒకసారి చెప్పు. మంచం పట్టిన ముసలివారికి ప్రభు బల్లను హడావుడిగా ఇచ్చి లేచిపోకు, వారు చెప్పేది వినేంతసేపైనా పక్కన కూర్చో. కానుకల లెక్క పెద్దల సంతకాలతో ప్రతి నెలా సంఘం ముందు చదివించు, ఎవరూ అడగకపోయినా సరే.

వీటన్నిటికంటే ముందు నీ సొంత ప్రార్థన ఉన్నది. ప్రసంగానికి పనికివస్తుందనే ఆలోచన లేకుండా నీ ఆత్మకోసమే చివరిసారి బైబిలు ఎప్పుడు తెరిచావో ఆలోచించి, తరువాతి ఉత్తరంలో దాపరికం లేకుండా రాయి; ఎంతమంది వస్తున్నారన్నది ఈసారి రాయనక్కరలేదు. మరదలికి, పిల్లలకు నా వందనాలు చెప్పు.

ప్రభువునందు,
నీ అన్న